ఎడమ ఒడ్డు పెద్దాసుపత్రి

భద్రాచలం ఏరియా ఆసుపత్రిని విస్తరించాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ పడకల దగ్గర మొదలై పడకల దగ్గరే ఆగిపోతుంది. ఇంకెన్ని పడకలు కావాలి, కొత్త బ్లాకు ఎక్కడ కట్టాలి, శంకుస్థాపన ఎప్పుడు అన్నవే ప్రశ్నలు. ఆ ఆసుపత్రి ఎవరికోసం, ఎంత ఉండాలో తేల్చే లెక్క వీటన్నిటికంటే ముందుంది. అది సరిచేయకుండా ఎన్ని అంతస్తులు లేపినా కొరత కొరతగానే మిగులుతుంది. 2022 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాలు వెయ్యి మందికి కనీసం ఒక పడక, వీలైతే రెండు ఉండాలంటాయి. 2011 జనాభా లెక్కల్లో భద్రాచలం పట్టణ జనాభా 50,087. ఈ లెక్కన ఆ ఊరికి యాభై పడకలు చాలు, వంద ఉంటే దండిగా ఉన్నట్టే. కానీ ఆ ఆసుపత్రి మెట్లెక్కేది పట్టణవాసులొక్కరే కాదు. చర్ల, దుమ్ముగూడెం మండలాల కోయగూడేలకు అదే పెద్దాసుపత్రి. ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాల వారూ, ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా కోంట వైపు నుంచీ, బీజాపూర్ అడవి పల్లెల నుంచీ బయల్దేరినవారూ చేరేది అక్కడికే. అందుకని ఈ వ్యాసం చెప్పదలచింది ఒకటే. భద్రాచలం ఆసుపత్రిని పట్టణ జనాభాతోనో, జిల్లా హద్దుతోనో కొలవడం మానాలి. దానిమీద నిజంగా ఆధారపడిన జనాన్ని లెక్కించి, పోస్టులు, రక్తనిధి, నిధులు, భవనం అన్నీ ఆ లెక్క ప్రకారమే నిర్ణయించాలి.

ఇక్కడ హద్దులు ఎన్నిసార్లు మారాయో చూస్తే ఈ మాట ఎందుకు అనాల్సి వస్తోందో తెలుస్తుంది. 1959 దాకా భద్రాచలం, నూగూరు ప్రాంతాలు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది వాటిని తెచ్చి, అప్పటికి ఆరేళ్ల కిందటే ఏర్పడిన ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో తెలంగాణ ఏర్పడిన వెంటనే పోలవరం ముంపు కారణంగా ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అందులో భద్రాచలం మండలం విడ్డూరంగా చీలింది. పట్టణం తెలంగాణలో నిలిచింది, దాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు పొరుగు రాష్ట్రంలో పడ్డాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. గోదావరి ఎడమ గట్టునే పైకి సాగే వెంకటాపురం, వాజేడు మండలాలు ముందు జయశంకర్ భూపాలపల్లికి, తర్వాత ములుగుకు వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో చింతూరు డివిజన్‌ను అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చి, పాడేరును జిల్లా కేంద్రం చేశారు. చింతూరు నుంచి పాడేరు రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అదీ కనుమ దారుల్లో. ప్రతి మార్పుతోనూ కలెక్టరు మారాడు, వైద్యాధికారి మారాడు, నివేదిక వెళ్లే కార్యాలయం మారింది. నొప్పులొచ్చిన కోయ మహిళను తీసుకుని ఆటో ఎటు తిరగాలన్నది మాత్రం మారలేదు. అరవై ఏళ్లుగా అది భద్రాచలం వైపే తిరుగుతోంది. పాలనకు ఒక పటం, ప్రాణానికి మరో పటం ఉన్నచోట ఆసుపత్రి బడ్జెట్టు మొదటి పటాన్ని చూసి రాస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం దూరానిది. కొత్తగూడెం నలభై కిలోమీటర్లే, అక్కడ 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది, ఏటా నూట యాభై మంది ఎంబీబీఎస్‌లో చేరుతున్నారు, ఉన్న డబ్బంతా అక్కడే పెట్టి ఒక్క పెద్దాసుపత్రిని గట్టిగా నిలబెట్టవచ్చు కదా అంటారు. ఖమ్మంలోనూ 2023లో వైద్య కళాశాల వచ్చింది. వాదన సబబుగానే వినిపిస్తుంది, మధ్యలో గోదావరి లేకపోతే. భద్రాచలం ఎడమ ఒడ్డున ఉంది. కొత్తగూడెం, ఖమ్మం, వరంగల్ అన్నీ కుడివైపున. రెంటినీ కలిపింది 1965 నాటి వంతెన. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలై 16న 71.3 అడుగులు చూసింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజుల్లో ఎడమ ఒడ్డుకు కొత్తగూడెం నలభై కిలోమీటర్ల దూరంలో లేదు, అసలు లేనట్టే. పక్కన రెండో వంతెన వచ్చినా, దాన్ని చేరుకునే రోడ్లు బూర్గంపహాడు, సారపాక వైపు నీట మునిగినంత కాలం ఈ సమస్య పూర్తిగా పోదు. వరద లేని రోజుల్లోనైనా ఆ నలభై కిలోమీటర్లను భద్రాచలం నుంచి లెక్కపెట్టడం సరికాదు. చర్ల భద్రాచలానికి అరవై కిలోమీటర్ల దూరం. చర్ల దాటి అడవి లోపలి గూడెం నుంచి మంచాన్ని కావడి కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడ 108 ఎక్కించినవారికి భద్రాచలమే రెండో మజిలీ. కొత్తగూడెం మూడోది అవుతుంది, అక్కడా చేతులెత్తేస్తే వరంగల్ నాలుగోది.

కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే చికిత్స అందని తల్లి రెండు గంటల్లోనే చనిపోవచ్చు. కాబట్టి మూడో మజిలీ, నాలుగో మజిలీ అన్న మాటల్ని గంటల్లోకి మార్చి చదవాలి. 2018–20 నమూనా నమోదు సర్వే ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, ఛత్తీస్‌గఢ్‌లో 137. ఈ మూడు అంకెలూ ఒకే కాన్పుల వార్డులో కలుసుకునే చోటు భద్రాచలం. మరో రకంగానూ ఈ సరిహద్దు వైరుధ్యాల ముడి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లని తేలింది. ప్రైవేటులో అది 81.5 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో 15.2 శాతమే, అడవి పల్లెల్లో ఇంకా తక్కువే ఉంటుంది. నదికి ఒకవైపు అక్కర్లేని కోతలు ఎక్కువ, అవతలి అడవిలో తప్పనిసరైన కోత కూడా అందదు. సహజ కాన్పు కోసం ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటూనే, అవసరం పడిన నిమిషంలో ఆపరేషన్ చేయగల సత్తా ఉండటమే మంచి ఆసుపత్రి లక్షణం. భద్రాచలం మీద జనానికి నమ్మకం లేకపోలేదు. 2021 నవంబరులో అప్పటి జిల్లా కలెక్టరు భార్య కాన్పు ఈ ఆసుపత్రిలోనే జరిగింది. ఆ నమ్మకానికి తగిన బలగాన్ని ఇవ్వడం ప్రభుత్వం చేయాల్సిన పని.

బలగం అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక డాక్టరు వారానికి 48 గంటలు పనిచేస్తే, మత్తు డాక్టరు రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలంటే కనీసం ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణలు, కోర్టు సాక్ష్యాలు కలిపితే నలుగురైదుగురు. స్త్రీవైద్యులకూ, పిల్లల డాక్టర్లకూ ఇదే లెక్క. ఒక్క పోస్టు ఖాళీ పడినా అర్ధరాత్రి వచ్చిన కేసు రిఫరల్ చీటీతో అంబులెన్సు ఎక్కాల్సిందే. నర్సుల సంగతి ఇంకా ముఖ్యం. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను బతికించేది వార్మరు ఒక్కటే కాదు. గంటగంటకూ ఒళ్లు తాకి చూసి, పాలు పిండించి, గొట్టంతో పట్టించే నర్సు చేయి. ఒకరికి పదిమంది బిడ్డల్ని అప్పగిస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా చేయగలిగింది కొంచెమే. నెత్తురు విషయమూ అంతే. తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతానికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. గిరిజన తల్లుల్లో సికిల్‌సెల్ కేసులూ ఉంటాయి. దాన్ని 2047 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2023 జూలైలో పథకం ప్రారంభించింది. అసలే నెత్తురు తక్కువున్న తల్లికి కొద్దిపాటి రక్తస్రావమూ గండమే. అందుచేత రక్తనిధి నిల్వల్ని పట్టణ అవసరంతో లెక్కగట్టడం ప్రమాదకరం. వానాకాలంలో వంతెన మూతపడితే బయటి నుంచి యూనిట్లు రావన్న లెక్కతో జూన్ నాటికే నిల్వ పెంచుకోవాలి.

గోడలు కడితే డాక్టర్లు వస్తారా అన్నది రెండో అభ్యంతరం. ఏజెన్సీలో పోస్టింగ్ అనగానే డిప్యుటేషన్ కోసం తిరిగేవారిని చూసి విసిగిన జనం నోట ఈ మాట వస్తుంది, అందులో న్యాయం ఉంది. అయితే జవాబు కూడా అడవి అవతలే దొరుకుతుంది. మావోయిస్టు ఘర్షణతో నలిగిన బీజాపూర్‌లో జిల్లా ఆసుపత్రికి ఖనిజ నిధి నుంచి అదనపు వేతనాలిచ్చి స్పెషలిస్టుల్ని రప్పించారు. భద్రాచలం పరిస్థితి అంతకంటే ఎంతో నయం. జిల్లాలో సింగరేణి బొగ్గు ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి గనుల జిల్లాకూ ఖనిజ నిధి ట్రస్టు ఏర్పాటైంది, ఆ సొమ్ములో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, విద్య వంటి ప్రాధాన్య రంగాలకు పెట్టాలని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. గనుల నుంచి వచ్చిన డబ్బుతో మత్తు డాక్టరుకు ఏజెన్సీ భత్యం, నర్సులకు క్వార్టర్లు, వాళ్ల పిల్లల చదువుకు ఏర్పాటు చూడటం కంటే సార్థకమైన ఖర్చు ఏముంటుంది? దీనికి తోడు జిల్లా రెసిడెన్సీ ఉంది. పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. 2023 నిబంధనల్లో యాభై పడకలున్న ఆసుపత్రిని కూడా అందుకు అర్హంగా చేర్చారు. కొత్తగూడెం, ఖమ్మం కళాశాలలకు భద్రాచలాన్ని బోధనా కేంద్రంగా ముడిపెడితే వరుసగా యువ డాక్టర్లు వస్తూ పోతూ ఉంటారు. వచ్చినవారిలో అందరూ నిలవరు. మలేరియా, సికిల్‌సెల్, పాముకాటు, కష్టకాన్పు ఇంత దగ్గరగా చూసే చోటు నగరంలో దొరకదు కనుక కొందరు నిలుస్తారు. కొత్తగూడెం కళాశాల భద్రాచలానికి పోటీ అన్న భావన ఇక్కడే తొలగిపోవాలి.

ఇక భవనం సంగతి. 2014 విభజన భద్రాచలానికి చేసిన అన్యాయాల్లో తక్కువగా మాట్లాడుకునేది భూమి గురించి. ఒకవైపు గోదావరి, మిగతా వైపులా రాష్ట్ర సరిహద్దు. పట్టణం చెత్త పోయడానికే స్థలం వెతుక్కుంటోంది, రామాలయం మాన్యాలున్న పురుషోత్తపట్నమే పొరుగు రాష్ట్రంలో ఉంది. అలాంటిచోట ఆసుపత్రి పక్కకు విస్తరించే వీలు తక్కువ, పైకే పెరగాలి. పైకి పెరిగే కట్టడానికి లిఫ్టులు, ర్యాంపులు, రెండో మెట్లదారి, స్ట్రెచరు తిరిగేంత వెడల్పున్న వసారాలు మొదటి గీతలోనే ఉండాలి. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆక్సిజన్ ప్లాంటు, మందుల గోదాం 1986 వరద మట్టాన్ని దృష్టిలో పెట్టుకుని ఎత్తున పెట్టాలి. పాత బ్లాకుల మరమ్మతు అనగానే రంగులు, టైల్సు గుర్తొస్తాయి. అసలు చూడాల్సింది గోడ లోపలి వైరింగు. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో మంటలు చెలరేగి పదిమంది పసికందులు చనిపోయారు. 2024 నవంబరులో ఝాన్సీ వైద్య కళాశాలలో అదే ఘోరం. పసికందుల వార్డులో విద్యుత్ లోపం ఎంత ముప్పో ఆ రెండు ఘటనలూ చెప్పాయి. మరమ్మతులు సాగినంత కాలం కాన్పుల వార్డును మూయడానికి వీల్లేదు, ఎందుకంటే ఎడమ ఒడ్డున దానికి బదులు లేదు. కాబట్టి కొత్త బ్లాకు లేచి, వార్డులు అందులోకి మారిన తర్వాతే పాతదాని మీద చెయ్యి వేయాలి.

పెద్దాసుపత్రి కంటే ఊళ్లలోని పీహెచ్‌సీలు, సబ్‌సెంటర్లు బాగుచేయడం మేలు కదా అనేవారున్నారు. వాళ్ల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒకప్పుడు ఈ ఏజెన్సీని పట్టి పీడించిన మలేరియా తగ్గుముఖం పట్టింది ప్రధానంగా ఊళ్లలో జరిగిన పని వల్ల. ఆశా కార్యకర్త సంచిలో పరీక్ష కిట్టు, అక్కడికక్కడే మందు, దోమతెరలు, ఇళ్లలో మందు పిచికారీ ఆ మార్పు తెచ్చాయి. రక్తపోటు కనిపెట్టడం, ఇనుము మాత్రలు మింగించడం, టీకాలు, ఇవన్నీ ఊరి పనులే. కానీ అడ్డం తిరిగిన బిడ్డను తీయడం, నెత్తురెక్కించడం ఊళ్లో జరిగేవి కావు. పైన పట్టుకునే చేయి గట్టిగా ఉందన్న నమ్మకం ఉంటేనే కింద ఏఎన్‌ఎం ధైర్యంగా పంపగలదు, కుటుంబమూ ఒప్పుకుని కదులుతుంది. ఒకసారి పంపిన కేసు రెండు ఆసుపత్రులు తిరిగి శవమై వస్తే, ఆ గూడెం నుంచి తర్వాతి గర్భిణి కదలదు. ఊరికీ పెద్దాసుపత్రికీ మధ్య అతికే ముక్క మాత్రం ఒకటి తక్కువైంది. అది నెలలు నిండిన గర్భిణులు ముందే వచ్చి ఉండే వసతి. 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో కొండశిఖర గ్రామాల గర్భిణులకు అలాంటి ఇల్లు నడిపి దారి చూపింది. భోజనం, పరీక్షలు, తోడొచ్చినవారికి చోటు, పెద్దపిల్లల్ని వెంట తెచ్చుకునే వీలు ఉంటే తల్లులు వస్తారని అక్కడ తేలింది. వరద ముంచెత్తాక కూనవరం, వరరామచంద్రపురం దారుల్లో ఏ అంబులెన్సూ కదలదు కాబట్టి, భద్రాచలం విస్తరణలో ఈ వసతి గృహం అలంకారంగా చివర చేర్చేది కాకుండా మొదట కట్టేది కావాలి.

దాంతోపాటు భాష. ఆసుపత్రిలో రాసేది తెలుగు, ఇంగ్లిషు. వచ్చేవారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కోయ. కోంట దాటి వచ్చేవారికి గోండీ, హిందీ. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఉమ్మనీరు పోయిందో లేదో చెప్పుకోలేని తల్లి దగ్గర ఎంత గొప్ప వైద్యమైనా సగం గుడ్డిగానే నడుస్తుంది. కోయ ఆడపిల్లలకు నర్సింగు చదివించి ఇక్కడే ఉద్యోగాలివ్వడం, అది కుదిరేలోగా ప్రతి షిఫ్టులోనూ కోయ మాట్లాడే సహాయకురాలిని ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికంటే బలంగా వినిపించే అభ్యంతరం ఖర్చు ఎవరిదన్నది. పొరుగు రాష్ట్రాల రోగులకు తెలంగాణ సొమ్ము ఎందుకు పెట్టాలని సూటిగానే అడుగుతారు. మొదటి సమాధానం, వాళ్లు ఇప్పటికే ఇక్కడ బతుకుతున్నారు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి చెదిరి వచ్చిన గుత్తికోయలు ఖమ్మం, భద్రాద్రి, ములుగు అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. ఏటా మిరప కోతలకు అటునుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు, వాళ్లలో గర్భిణులూ ఉంటారు. వాళ్ల చెమటతో మన మిరప మార్కెట్టు నిండుతుంది. అడవిలో మలేరియాకు హద్దు లేదు, అవతలి పిల్లలకు టీకా అందకపోతే తట్టు ఇవతలికి వస్తుంది. రెండో సమాధానం, డబ్బు రాబట్టే దారి ఉంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ప్రకారం లబ్ధిదారు వేరే రాష్ట్రంలో చేరినా ఖర్చు సొంత రాష్ట్రం పథకం భరించాలి. నవజాత శిశువుల చికిత్సకు కూడా అందులో ప్యాకేజీలున్నాయి. ఓపీ దగ్గర ఒక హెల్ప్ డెస్కు పెట్టి కోంట, చింతూరు వారి కార్డులు చూసి క్లెయిములు పంపితే ఆ మేరకు సొమ్ము ఆసుపత్రికి చేరుతుంది. కార్డు లేని గుత్తికోయ తల్లికి మాత్రం ఆ పథకం వర్తించదు, అందుకే కేంద్రం వాటా తప్పనిసరి అంటున్నాను. రాష్ట్రాల మధ్య మాట్లాడుకోవడానికి ఉన్న మండలి వ్యవస్థ కూడా ఇక్కడ కలిసిరాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో ఉంటే ఛత్తీస్‌గఢ్ మధ్య మండలిలో ఉంది. ఒకే ఆసుపత్రిని వాడుకునే మూడు ప్రభుత్వాలు ఒకే బల్ల దగ్గర కూర్చునే మామూలు సందర్భమే లేదు.

కొత్త పద్ధతి కనిపెట్టాల్సిన అవసరమూ లేదు. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో పిరనీస్ కొండల మధ్య సెర్దాన్య లోయ ఉంది. చలికాలంలో మంచు దారులు మూసేస్తే ఫ్రాన్స్ వైపు వారు సొంత దేశపు పెద్దాసుపత్రికి చేరడం కష్టమయ్యేది. 2014లో స్పెయిన్ వైపు పుయిగ్‌సెర్దా ఊళ్లో రెండు దేశాలకూ ఉమ్మడి ఆసుపత్రి తెరిచారు. నిర్వహణ ఖర్చులో అరవై శాతం స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం, నలభై శాతం ఫ్రాన్స్ భరిస్తున్నాయి. రెండు దేశాలు, రెండు బీమా వ్యవస్థలు, మూడు భాషలు దాటి ఒక ఆసుపత్రిని నడపగలిగినప్పుడు, ఒకే రాజ్యాంగం కింద ఉన్న మూడు రాష్ట్రాలు నడపలేకపోవడానికి కారణం కనిపించదు. మంచు స్థానంలో మనకు వరద ఉంది, అంతే తేడా.

చేయాల్సిన మొదటి పనికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు. చేరిన ప్రతి రోగి ఏ మండలం, ఏ రాష్ట్రం నుంచి వచ్చారో ఏడాది పాటు లెక్కగట్టి ఆసుపత్రి ప్రకటించాలి. పంపించేసిన ప్రతి కేసుకూ కారణం రాయాలి: డాక్టరు లేరా, నెత్తురు లేదా, పడక లేదా అని. ఆ రెండు లెక్కలూ బల్ల మీద పెట్టుకుని మంజూరు పోస్టులు తిరిగి ఖరారు చేయాలి, మూడు రాష్ట్రాల వాటాలూ, కేంద్రం వాటా మాట్లాడుకోవాలి. గర్భిణుల వసతి గృహం మాత్రం ఆ లెక్క తేలేదాకా ఆగనక్కర్లేదు, అద్దె భవనంలోనైనా ఈ వానాకాలానికే మొదలుపెట్టవచ్చు. గోదావరి భద్రాచలం దగ్గర ఎర్రబడి లేచేది జూలై, ఆగస్టు నెలల్లో. ఆ నెలల్లో కాన్పు కావాల్సిన తల్లుల పేర్లు అంతకు ఎంతో ముందే చర్లలో, దుమ్ముగూడెంలో, కూనవరంలో ఏఎన్‌ఎంల రిజిస్టర్లకెక్కి, తేదీలతో సహా సిద్ధంగా ఉంటాయి.